టైమ్‌టేబుల్ తప్పితే బద్ధకమేనా? గ్రూప్స్ అభ్యర్థుల అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు ప్రిపేరయ్యేవాళ్లకు చదువు ప్లాన్ వేసుకోవడంలో సాయం చేయడం నా పని. పద్నాలుగు గంటల టైమ్‌టేబుల్ గోడకు అంటించుకుని, వారం తిరక్కముందే అది తప్పిందని కుంగిపోయి వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లు బద్ధకస్తులు కారు. వేసుకున్న లెక్కే తప్పు.

అపోహ: టైమ్‌టేబుల్ తప్పిందంటే నాకు క్రమశిక్షణ లేనట్టే.

వాస్తవం: ఏ పనికి ఎంతసేపు పడుతుందో ఊహించడంలో దాదాపు అందరం పొరబడతాం. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానమన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1979లోనే ఈ సంగతి రాశారు. 1994లో వెలువడిన ఒక కెనడా అధ్యయనంలో థీసిస్ రాస్తున్న విద్యార్థులు సగటున 34 రోజుల్లో ముగిస్తామన్నారు. 55 రోజులు పట్టింది. చెప్పిన గడువుకు ముగించినవాళ్లు మూడోవంతు కూడా లేరు.

అందుకే నేను మొదటే టైమ్‌టేబుల్ వేయించను. ఒక వారం పాటు ఏ చాప్టర్‌కు నిజంగా ఎంతసేపు పట్టిందో నోట్‌బుక్‌లో రాయమంటాను. పాలిటీలో ప్రాథమిక హక్కులు రెండు గంటల్లో అయిపోతాయనుకుంటారు. ఆర్టికల్ 12 నుంచి 35 దాకా చదివి, బిట్లు చేసి, తప్పులు సరిచూసుకునేసరికి ఐదు గంటలు దాటిపోవచ్చు. మీ ప్లాన్‌లో ఆ ఐదే రాయండి. వారంలో ఒక పూట ఖాళీగా ఉంచండి. జ్వరమొచ్చినా, ఉన్నపళంగా ఊరెళ్లాల్సి వచ్చినా మిగిలిపోయింది అప్పుడు చదువుకోవచ్చు, టెన్షన్ ఉండదు.

అపోహ: తెల్లవారుజామున నాలుగింటికి లేస్తేనే చదువు వస్తుంది.

వాస్తవం: నిద్ర, మెలకువ వేళలు మనిషికో తీరు, అందులో కొంత పుట్టుకతో వచ్చేదే. రాత్రి షిఫ్ట్ చేసొచ్చినవాళ్లను నాలుగింటికి లేవమనడం అన్యాయం. ఎప్పుడు లేచినా ఏడు గంటల నిద్ర మాత్రం తగ్గించకండి.

అపోహ: పొమొడోరో అంటే 25 నిమిషాలు చదువు, 5 నిమిషాలు విరామం, మార్చకూడదు.

వాస్తవం: 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే విద్యార్థి, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో తన కోసం మొదలుపెట్టుకున్న పద్ధతి ఇది. పుస్తకం తెరవబుద్ధి కానివాళ్లకు చాలా మంచిది. కానీ తెలంగాణ గ్రూప్-2లో ఒక్కో పేపర్‌కు 150 ప్రశ్నలు, 150 నిమిషాలు. పరీక్ష దగ్గరపడేకొద్దీ ఆ 25ను 50కి, 90కి, చివరికి పూర్తి రెండున్నర గంటలకు పెంచుకోవాల్సిందే.

అపోహ: ఎన్నిసార్లు చదివితే అంత బాగా గుర్తుంటుంది.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ సమయం తినేసే నమ్మకం ఇదే. మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత చూస్తే, పాఠం చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లే ముందున్నారు. ఈ రాత్రి చదివిన చాప్టర్ మూసేసి, తెల్లకాగితం మీద రాసి చూడండి. ఎక్కడ ఆగిపోయారో రేపటి మొదటి గంట దానికే ఇవ్వండి.