డబుల్ మార్కర్‌లో ‘హై రిస్క్’ వచ్చిందా? అపోహలు - వాస్తవాలు

కడుపులో బిడ్డకు డౌన్ సిండ్రోమ్ (21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువగా ఉండి ఎదుగుదల, తెలివితేటల మీద ప్రభావం చూపే స్థితి) లాంటివి ఉండే అవకాశాన్ని లెక్కకట్టడానికి గర్భిణులకు చేసే రక్తపరీక్షే డబుల్ మార్కర్. దాని రిపోర్టు చాలామందికి డాక్టర్ చూడకముందే వాట్సాప్‌లో వచ్చేస్తుంది. ‘హై రిస్క్’ అని లావు అక్షరాల్లో ఉంటుంది, అపాయింట్‌మెంట్ ఏమో రెండు రోజుల తర్వాత. ఆ రెండు రోజుల్లోనే భయం కొండంత అవుతుంది. నేను బెంగళూరులో జెనెటిక్ కౌన్సెలింగ్ చేస్తాను. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఉండే తెలుగువాళ్లూ, అనంతపురం, హిందూపురం నుంచి వచ్చేవాళ్లూ దాదాపు ఇవే మాటలు అడుగుతారు.

అపోహ: హై రిస్క్ అంటే బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉన్నట్టే

కాదు. ఈ పరీక్ష సమస్య ఉందో లేదో చెప్పదు, ఉండే అవకాశం ఎంతో లెక్కకడుతుంది. 1:150 అని ఉంటే, అలాంటి ఫలితం వచ్చిన 150 మంది గర్భిణుల్లో ఒకరి బిడ్డకు ఉండొచ్చు, మిగతా 149 మందికి ఉండదు. చాలా ల్యాబులు 1:250 దగ్గర గీత గీస్తాయి. 1:240 వస్తే హై రిస్క్, 1:260 వస్తే లో రిస్క్. శాతాల్లో చూస్తే మొదటిది 0.42, రెండోది 0.38. ఇంత చిన్న తేడాకే ఒకరు హాయిగా నిద్రపోతారు, ఇంకొకరు అన్నం ముట్టరు. చూస్తుంటే నాకు బాధేస్తుంది.

తల్లి వయసు, బరువు, ఎన్‌టీ స్కాన్‌లో బిడ్డ మెడ వెనక నీటిపొర మందం (దీన్నే ఎన్‌టీ అంటారు), సీఆర్‌ఎల్ అనే బిడ్డ పొడవు, తల్లి రక్తంలో పాప్-ఏ, బీటా హెచ్‌సీజీ అనే రెండు పదార్థాల మోతాదు, ఇవన్నీ కలిపి ఈ లెక్క వేస్తారు. ఒక్కటి తప్పు పడినా అంకె మారిపోతుంది. అందుకే ముందు రిపోర్టు మొదటి పేజీ చూడండి. పుట్టిన తేదీ సరిగ్గా ఉందా? బరువు ఇప్పటిదేనా? స్కాన్ తేదీ, సీఆర్‌ఎల్ స్కాన్ కాగితంతో సరిపోతున్నాయా? షుగర్, కవలలు, ఐవీఎఫ్ సంగతి రాశారా? ఐవీఎఫ్‌లో దాత అండం వాడితే లెక్కలో దాత వయసు వేయాలి. తప్పు కనిపిస్తే ల్యాబుకు చెప్పండి, సరిచేసి మళ్లీ లెక్క వేస్తారు.

అపోహ: ఎన్‌ఐపీటీ చేయిస్తే నూటికి నూరుపాళ్లు తేలిపోతుంది

ఎన్‌ఐపీటీ అంటే తల్లి రక్తంలో తిరిగే డీఎన్‌ఏ ముక్కలను చూసే పరీక్ష. డౌన్ సిండ్రోమ్ విషయంలో అది డబుల్ మార్కర్ కంటే చాలా నమ్మదగినది. 100 కేసుల్లో 99 దాకా పట్టుకుంటుంది. అయినా అదీ స్క్రీనింగే, అంటే అవకాశం చెప్పేదే తప్ప ఖాయం చేసేది కాదు. అది చూసే డీఎన్‌ఏ ముక్కలు ఎక్కువగా మాయ నుంచి వస్తాయి, మాయలో ఉన్న తేడా బిడ్డలో లేకపోవచ్చు. కాబట్టి పాజిటివ్ వచ్చినా సరే, బిడ్డ చుట్టూ ఉండే నీరు తీసి క్రోమోజోములు చూసే ఉమ్మనీరు పరీక్షలో (అమ్నియోసెంటెసిస్) ఖాయం కాకుండా గర్భం తీసేయించుకునే నిర్ణయానికి వెళ్లొద్దు. ఈ మాట దగ్గర మాత్రం నేను గట్టిగా పట్టుబడతాను.

ఎన్‌టీ 3.5 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్నా, స్కాన్‌లో ఏదైనా పెద్ద లోపం కనిపించినా దారి వేరు. ఎన్‌ఐపీటీకి వేలకు వేలు పెట్టేముందు నేరుగా ఉమ్మనీరు పరీక్షకు వెళ్లాలా అని డాక్టర్‌ని అడగండి. ఎన్‌ఐపీటీకి అందని తేడాలు కూడా అందులో తెలుస్తాయి.

అపోహ: ఉమ్మనీరు తీస్తే అబార్షన్ అయిపోతుంది

ముప్పు అసలే లేదనను. కానీ చేయి తిరిగిన డాక్టర్ల దగ్గర అది 200 మందిలో ఒకరి కంటే తక్కువ. 15 వారాలు నిండాక, స్కాన్‌లో చూస్తూ సన్నటి సూదితో తీస్తారు. మీ బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే ముందే చెప్పండి, మీ ఒంట్లో బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారవకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం కావచ్చు.

అపోహ: మేనరికం వల్లే ఇలా వచ్చింది

డౌన్ సిండ్రోమ్‌కు మేనరికంతో సంబంధం లేదు. గ్రహణంతోనూ, తిన్న బొప్పాయితోనూ లేదు. ఎక్కువ కేసుల్లో అండం తయారయ్యేటప్పుడు 21వ క్రోమోజోమ్ సరిగ్గా విడిపోకపోవడమే కారణం. అది ఎవరి చేతిలోనూ లేదు. తల్లి వయసుతో అవకాశం పెరిగినా చిన్న వయసువాళ్లకూ రావచ్చు, వంశంలో ఎవరికీ లేకపోయినా రావచ్చు. అత్తింటివాళ్లూ పుట్టింటివాళ్లూ ఒకరినొకరు అనుకుంటుంటే మధ్యలో నలిగేది గర్భిణే. అయితే మేనరికమైతే ఆ సంగతి కౌన్సెలర్‌కు తప్పకుండా చెప్పండి. తలసీమియా (రక్తహీనత తెచ్చే వంశపారంపర్య జబ్బు) లాంటి వాటికి దానితో సంబంధం ఉంది, వాటికి వేరే పరీక్షలున్నాయి.

అపోహ: నువ్వు టెన్షన్ పడితే బిడ్డకు ఏదో అవుతుంది

ఈ మాట ప్రేమతోనే అంటారు. కానీ వినే అమ్మాయికి భయం మీద తప్పు చేస్తున్నానన్న బెంగ కూడా తోడవుతుంది. నాలుగు రోజులు ఏడ్చినంత మాత్రాన బిడ్డ క్రోమోజోములు మారవు. ఏడుపొస్తే ఏడవండి.

రిపోర్టు కోసం ఎదురుచూసే రోజులకు కొన్ని ఏర్పాట్లు చేసుకోవచ్చు. ఎవరికి చెప్పాలో, ఎవరికి ఇప్పుడే వద్దో భార్యాభర్తలు ముందే అనుకోండి. ఊరి నుంచి వచ్చే ఫోన్లు భర్త చూసుకోవాలి, “రిపోర్టు రాగానే మేమే చెప్తాం అత్తయ్యా” అంటే చాలు. గూగుల్ చూడకుండా ఉండలేకపోతే పగలు ఒక అరగంట పెట్టుకోండి, రాత్రి పడుకునేముందు మాత్రం వద్దు. గుర్తొచ్చిన ప్రతి ప్రశ్నా కాగితం మీద రాసి డాక్టర్ దగ్గరకు పట్టుకెళ్లండి. ల్యాబు రిపోర్టు ఎప్పుడిస్తుందో, ఎవరు ఫోన్ చేసి చెప్తారో ముందే అడిగి పెట్టుకోండి. నిద్రమాత్రలు సొంతంగా వేసుకోవద్దు.

రెండు వారాలైనా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా ఓర్చుకోవాల్సిన పని లేదు, డాక్టర్‌కు చెప్పండి. బతకాలనిపించడం లేదన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు. బెంగళూరులోనే ఉంటే నిమ్హాన్స్‌లో గర్భిణులకూ బాలింతలకూ ప్రత్యేక మానసిక వైద్య సేవలున్నాయి. వెళ్లేటప్పుడు స్కాన్ రిపోర్టులూ, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.