చెరువు హద్దు, ఇంటి హద్దు: హైడ్రా గొడవ వెనుక పాతికేళ్ల కథ

హైదరాబాద్ మునిగిన ప్రతిసారీ 1908 మూసీ వరద, విశ్వేశ్వరయ్య, జంట జలాశయాలు (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) అని మొదలుపెడతాం. అది అందరికీ తెలిసిన కథే. చెరువులు, నాలాల మీది ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా. ఇవాళ దాని నోటీసుల మీద మళ్లీ రేగిన గొడవకు అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. 2000 ఆగస్టు 24 దగ్గర ఆగితే చాలు.

ఆ రోజు బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్‌సాగర్ దిగువ బస్తీలు మునిగాయి. ఆ దెబ్బతో ప్రభుత్వం నాలాల (వాననీటి కాలువల) సంగతి తేల్చమని కిర్లోస్కర్ సంస్థకు అప్పగించింది. ఏ నాలా ఎంత నీటిని మోయగలదు, ఎంత వెడల్పు కావాలి, మీద ఉన్న కట్టడాల్లో ఏవి తీయాలి అన్నవి చూసి 2003లో నివేదిక ఇచ్చారు. నగరం ఎంత వానను తట్టుకోగలదో కొలవడమంటే ఇదే. మన నాలాలు గంటకు రెండు సెంటీమీటర్ల వానకు మించి తట్టుకోవని అధికారులే చాలాసార్లు చెప్పారు. ఆగస్టులో ఒక మామూలు సాయంత్రపు వాన అంతకంటే ఎక్కువే పడుతుంది.

కొలత చేతికొచ్చాక ఏం చేశారన్నదే అసలు ప్రశ్న. 2007లో 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలు కలిసి జీహెచ్‌ఎంసీ అయ్యింది. దాదాపు 170 చదరపు కిలోమీటర్ల నగరం 625కి పెరిగింది. కొలిచిన నగరం ఒకటి, పెరిగిన నగరం ఇంకొకటి. అదే ఏడాది డిసెంబరు 31న అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ జీవో, లేఅవుట్ల క్రమబద్ధీకరణ (ఎల్‌ఆర్‌ఎస్) జీవో రెండూ ఒకే రోజు వచ్చాయి. ఫీజు కడితే అక్రమ కట్టడం, అక్రమ లేఅవుట్ సక్రమం అవుతాయి. చెరువులు, నాలాలకు ఇది వర్తించదని రాశారు, నిజమే. కానీ చెరువు ఎక్కడి దాకా ఉందో తేల్చకుండా చెరువుకు వర్తించదంటే ఏం లాభం? నా దృష్టిలో మలుపు ఇక్కడే ఉంది. ఏ నాలా ఎంత వెడల్పుండాలో తెలిసిన ప్రభుత్వమే, ఆ హద్దులు నేల మీద గుర్తించకుండా దరఖాస్తులు తీసుకుంది.

చెరువుల హద్దుల పని 2010లో గానీ మొదలవలేదు. మత్తడి (అలుగు) దాకా నిండితే నీళ్లు ఎక్కడి వరకు వస్తాయో అది ఎఫ్‌టీఎల్. దాని వెలుపల పది హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫర్, అంటే ఇళ్లు కట్టకుండా వదలాల్సిన చోటు. ముందు ప్రాథమిక నోటిఫికేషన్, అభ్యంతరాలు విన్నాక తుది నోటిఫికేషన్. చాలా చెరువులు ఏళ్ల తరబడి ఆ మొదటి మెట్టు మీదే ఆగిపోయాయి. ప్లాట్ల అమ్మకం మాత్రం ఆగలేదు.

2020 అక్టోబరు వరద తగ్గాక టోలిచౌకి వైపు ఒక కాలనీకి వెళ్లాను. మేడ మీద నులక మంచం వేసి, ఒకాయన తడిసిన రిజిస్ట్రేషన్ కాగితాలు ఒక్కొక్కటే విడదీసి ఎండబెడుతున్నాడు. ఎగిరిపోకుండా వాటి మీద గ్లాసులు, చెంచాలు పెట్టాడు. హద్దుల చోట వేలు పెట్టి చూపించాడు. తూర్పున 25 అడుగుల రోడ్డు, ఉత్తరాన నాలా. ఆ నాలా ఏదని అడిగితే పక్కింటి గోడ చూపించాడు. కింద హాల్లో నీళ్ల గీత స్విచ్‌బోర్డు కంటే పైన ఉంది.

ఆ ఏడాది ఆగస్టు 31న కొత్త ఎల్‌ఆర్‌ఎస్ వచ్చింది. ఆరు వారాలకు ఆ వాన కురిసింది. బేగంపేటలో 19 సెంటీమీటర్లే, అంటే 2000 నాటి కంటే తక్కువ. ఘట్‌కేసర్ వైపు మాత్రం 32 దాటింది. పల్లె చెరువు పొంగి అల్ జుబైల్ కాలనీ, బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగాయి. అంతకు నాలుగేళ్ల ముందు, 2016లో నిజాంపేట భండారీ లేఅవుట్ మునిగినప్పుడు నాలాల మీద 28 వేల ఆక్రమణలున్నాయని సర్కారు చెప్పింది. కొద్ది రోజులు బుల్డోజర్లు నడిచి ఆగిపోయాయి. 2020 తర్వాత దాదాపు వెయ్యి కోట్లతో నాలాల అభివృద్ధి పథకం పెట్టారు.

2024 జూలైలో హైడ్రా పుట్టింది. చెరువులను కాపాడకపోతే నగరం మునుగుతుందని అధికారులు అంటున్నారు. ఆ మాట నిజం. కానీ నోటీసు అందుకున్నవాళ్ల మాట కూడా వినాలి. రిజిస్ట్రేషన్ చేసింది ప్రభుత్వం, ఇంటి నంబరు ఇచ్చింది ప్రభుత్వం, కరెంటు మీటరు, నల్లా కనెక్షన్ ఇచ్చింది ప్రభుత్వమే. ఇరవై ఏళ్లు ఇంటి పన్ను కట్టించుకున్నారు. బ్యాంకు లోన్ ఇంకా తీరలేదు. వానొస్తే ఒక టెన్షన్, తెల్లారితే బుల్డోజరొస్తుందేమోనని ఇంకో టెన్షన్. అమీన్‌పూర్‌లో ఆదివారం కూల్చివేతపై 2024 సెప్టెంబరులో హైకోర్టు హైడ్రాను గట్టిగా నిలదీసింది. అనుమతులతో కట్టి, 2024 జూలైకి ముందు నుంచే జనం ఉంటున్న ఇళ్ల జోలికి వెళ్లమని హైడ్రా ఆ తర్వాత ప్రకటించింది. అయితే ఆ అనుమతులు సంతకం చేసిన చేతుల గురించి ఇంత గట్టిగా ఎవరూ మాట్లాడటం లేదు.

2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తితే మూసీ ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చింది. ప్రయాణికులు సామాన్లు నెత్తిన పెట్టుకుని బయటపడ్డారు. రెండు రోజులకు అంబర్‌పేటలో బతుకమ్మ కుంటను ప్రారంభించారు. మట్టి, చెత్త పూడ్చిన ఆ కుంటను తవ్వితే నీళ్లు ఊరాయి. పాత రికార్డుల్లో అది 14 ఎకరాల 6 గుంటలు. ఇప్పుడు మిగిలింది 5 ఎకరాల 15 గుంటలు. మిగతా చోట ఇళ్లున్నాయి. ఆ ఇళ్లను కదపకుండా, ఉన్నంతలోనే తవ్వారు.