పూసేదాకా పేరు తేలని మొక్కలు

2020 చివర్లో కేరళలోని కోళికోడ్ జిల్లా ఆవళపాండిలో ఒక కాలువ గులాబీ రంగు పూలతో నిండిపోయింది. ఫొటోలు ఊరూరా తిరిగాయి, జనం తండోపతండాలుగా వచ్చి చూశారు. వృక్షశాస్త్రం తెలిసినవారికి మాత్రం ఆ అందం గుబులు పుట్టించింది. అది అక్వేరియంలలో పెంచే దక్షిణ అమెరికా మొక్క, కబొంబా ఫర్కాటా. కాలువల్లో చేరితే స్థానిక మొక్కలను తొక్కేస్తుంది. నీటి అడుగున ఉన్నన్నాళ్లూ ఇలాంటివి చాలామంది కంటికి ఉత్త నాచే.

చేపల తొట్టి ఉన్నవారికి ఈ చిక్కు కొత్తేమీ కాదు. నీటిలో బతికే మొక్కలు, ఏ కుటుంబానికి చెందినవైనా, ఇంచుమించు ఒకే వేషం కడతాయి. నీటిలో కార్బన్ డయాక్సైడ్ చాలా మెల్లగా కదులుతుంది, వెలుతురూ తక్కువే. సన్నని పోగులుగా చీలిన ఆకులు, పొడవాటి పట్టీల్లాంటి ఆకులు ఆ ఇబ్బందికి తగిన ఏర్పాట్లు. పైగా వెలుతురు మారితే ఒకే మొక్క ఆకు రంగూ పొడవూ మారిపోతాయి. పువ్వు అంత తేలిగ్గా మారదు. అందుకే పేరు తేల్చాలంటే పువ్వునే నమ్మాలి.

కబొంబాను, అంబులియా పేరుతో అమ్మే లిమ్నోఫిలా సెసిలిఫ్లోరాను పక్కపక్కన పెడితే అలవాటున్నవారు కూడా తడబడతారు. ఆకుల్లో ఒక గుర్తు ఉంది: కబొంబా ఆకుకు చిన్న కాడ ఉంటుంది, లిమ్నోఫిలా ఆకులు కాడ లేకుండా కణుపు చుట్టూ వలయంగా అంటుకుని ఉంటాయి. పూస్తే ఇక సందేహమే ఉండదు. కబొంబా కలువకు దూరపు చుట్టం. దాని పువ్వులో మూడు రక్షక పత్రాలు, మూడు ఆకర్షక పత్రాలు, ఆకర్షక పత్రాల మొదట్లో పసుపు మచ్చలు. తెల్లగా పూసే కబొంబా కరోలినియానా తీరు చూడముచ్చటగా ఉంటుంది: మొదటి రోజు పువ్వు ఆడపువ్వుగా తెరుచుకుంటుంది, సాయంత్రానికి ముడుచుకుని నీటిలో మునుగుతుంది, మర్నాడు మళ్లీ లేచి పుప్పొడి రాలుస్తుంది. లిమ్నోఫిలా మన నీటి బ్రాహ్మి కుటుంబానిది. దాని లేత ఊదా పువ్వు గొట్టంలా ఉండి, అంచున రెండు పెదవులుగా చీలుతుంది.

పట్టీల్లాంటి ఆకులున్న వాలిస్నేరియా, సాజిటేరియా సుబులాటాల మధ్య తేడా ఇంకా స్పష్టం. సాజిటేరియాకు మూడు తెల్లని రేకులతో కంటికి కనిపించే పువ్వు వస్తుంది. వాలిస్నేరియా పువ్వును భూతద్దంతో వెతకాలి. జల పరాగ సంపర్కానికి ఉదాహరణగా ఇంటర్‌లో చదువుకున్నది దీని గురించే. మగపూలు మొక్క నుంచి తెగి, నీటిపైకి తేలి విచ్చుకుంటాయి. ఆడపువ్వు పొడవాటి కాడతో ఉపరితలానికి చేరి, కొట్టుకొచ్చే మగపూల కోసం ఎదురుచూస్తుంది. పని కాగానే కాడ సుడులు తిరిగి కాయను నీటి లోపలికి లాగేసుకుంటుంది.

అన్నిటికంటే ముప్పుతిప్పలు పెట్టేది క్రిప్టోకొరైన్. ఆకును బట్టి దీని జాతి చెప్పేవారి మాట నేనైతే నమ్మను. శ్రీలంక నుంచి వచ్చిన వెండ్టీ జాతిలోనే పచ్చనివి, గోధుమ రంగువి, ఎర్రబారినవి ఉన్నాయి. ఇది చేమ, కంద కుటుంబపు మొక్క. పువ్వు అని మనం అనుకునేది నిజానికి ఒక తొడుగు: పైన రంగుల రేకు, కింద సన్నని గొట్టం, అడుగున మూసుకున్న చిన్న గది. ఆ గదిలో అట్టడుగున ఆడపూలు ఒకే వరుసలో, వాటికి కాస్త పైన మగపూలు ఉంటాయి. వాసనకు వచ్చిన చిన్న ఈగలు లోపల చిక్కుకుని, పుప్పొడి ఒంటికి అంటాకే బయటపడతాయి. రేకు గొట్టంతో కలిసే చోట ఉండే పట్టీ రంగు కీలకం: బెకెట్టీ అనే జాతిలో ముదురు ఊదా, వాకెరీ అనే జాతిలో పసుపు.

నీటిలో మునిగి ఉన్నంతకాలం క్రిప్టోకొరైన్ పూయడం అరుదు. కుండీలో నాటి, వేళ్లు మాత్రమే తడిలో ఉండేలా, పైన గాలి తేమగా ఉండేలా మూసిపెడితే పూస్తుంది. కబొంబా, లిమ్నోఫిలా కొమ్మలనైతే కత్తిరించకుండా నీటిపైకి ఎదగనిస్తే చాలు. జావా ఫెర్న్ పూస్తుందని మాత్రం ఎన్నేళ్లు ఎదురుచూసినా ప్రయోజనం లేదు. అది ఫెర్న్, పూల మొక్కే కాదు. ఆకు తిరగేస్తే గోధుమ రంగు చుక్కలు కనిపిస్తాయి, అవి దాని సిద్ధబీజాల గుంపులు.