హార్డ్ డిస్క్ కనిపించడం లేదా? ముందు ఆ ఫార్మాట్ బటన్ జోలికి పోకండి

ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కనెక్ట్ చేస్తే ఏమీ రాలేదనుకోండి. చాలామంది మొదట తీసి మళ్లీ పెడతారు, తర్వాత ఇంకో కంప్యూటర్‌కి పెట్టి చూస్తారు, ఆ టెన్షన్‌లోనే స్క్రీన్ మీద ఫార్మాట్ చేయమనో (అంటే డిస్క్‌ని చెరిపి కొత్తగా సిద్ధం చేయమనో) ఏదో మెసేజ్ వస్తే పూర్తిగా చదవకుండా ఓకే కొట్టేస్తారు. మొదటి రెండింటితో మామూలుగా పోయేదేమీ లేదు. మూడోదానితోనే కొంప మునుగుతుంది.

డిస్క్ కనిపించాలంటే వెనక చాలా పనులు వరసగా జరగాలి. కరెంటు చాలినంత అందాలి, లోపలి పళ్లాలు తిరగాలి, డబ్బాలో ఉన్న చిన్న బోర్డు తానెవరో కంప్యూటర్‌కి యూఎస్‌బీ ద్వారా చెప్పుకోవాలి, పార్టిషన్ టేబుల్ (డిస్క్‌లో ఏ భాగం ఎక్కడ మొదలవుతుందో చెప్పే పట్టిక) దొరకాలి, ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను అమర్చే పద్ధతి) అర్థం కావాలి, చివరికి D, E లాంటి ఒక డ్రైవ్ లెటర్ దక్కాలి. వీటిలో ఎక్కడ ఆగినా మనకి బయటకి తెలిసేది ఒకటే, డిస్క్ లేదు. కాబట్టి ఏదైనా బాగుచేసే ముందు ఎక్కడ ఆగిందో చూడాలి.

మొదటి అనుమానం కరెంటు మీదే. యూఎస్‌బీ 2.0 పోర్టు 5 వోల్టుల దగ్గర 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్టు 900 ఇవ్వాలన్నది ప్రమాణం. 2.5 అంగుళాల డిస్క్ ఒకసారి తిరగడం మొదలయ్యాక పెద్దగా కరెంటు తినదు గానీ, ఆగి ఉన్న పళ్లాలను నిమిషానికి 5400 చుట్ల వేగానికి తెచ్చే ఆ కొద్ది సెకన్లలో దాదాపు ఒక ఆంపియర్ దాకా లాగొచ్చు. అందుకే లైటు వెలుగుతుంది, డిస్క్ మాత్రం రాదు. హబ్ తీసేసి నేరుగా కంప్యూటర్‌కి, డెస్క్‌టాప్ అయితే వెనకవైపు పోర్టుకి పెట్టి చూడండి. 3.5 అంగుళాల పెద్ద డిస్కులకి 12 వోల్టులు కావాలి, అది అడాప్టర్ నుంచే రావాలి.

కేబుల్‌ని కూడా నమ్మకండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలే ఉండవు. చాలా పోర్టబుల్ డిస్కులకి ఉండే ఆ వెడల్పాటి, రెండు ముక్కల్లా కనిపించే సాకెట్‌ని దగ్గర నుంచి చూడండి. అందులో పెద్ద సగం పాత ఫోన్ల మైక్రో యూఎస్‌బీయే, పక్కనున్న చిన్న ముక్కలో 3.0కి కావలసిన అదనపు పిన్నులు ఉంటాయి. అంటే డేటా తీగలున్న మామూలు మైక్రో యూఎస్‌బీ కేబుల్ కూడా ఆ పెద్ద సగంలో పడుతుంది. దాంతో డిస్క్ నెమ్మదిగానైనా వచ్చిందంటే తప్పు చాలావరకు కేబుల్‌దో సాకెట్‌దో, మీ ఫైళ్లు క్షేమం.

ఇప్పుడు విండోస్‌లో స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి (మ్యాక్‌లో అయితే డిస్క్ యుటిలిటీ). సైజు సరిగ్గా చూపించి, పార్టిషన్ కూడా ఉండి, లెటర్ మాత్రమే లేకపోతే లెటర్ ఇవ్వండి, పని అయిపోయింది. 'రా' (RAW, అంటే ఫైల్ సిస్టమ్ అర్థం కాలేదని) చూపిస్తేనో, 'ఇనిషియలైజ్ చెయ్యి' అంటేనో ఆగండి. మ్యాక్‌లో వాడే ఏపీఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌తో ఫార్మాట్ చేసిన డిస్క్‌ని, లైనక్స్‌లో వాడే ఎక్స్ట్4 (ext4) డిస్క్‌ని విండోస్ మామూలుగా చదవలేదు. చదవలేనని చెప్పి ఊరుకోవచ్చు కదా, ఒక్కోసారి వాడాలంటే ఫార్మాట్ చేయాలంటుంది! తెలియని భాషలో పుస్తకం ఇస్తే, పేజీలన్నీ చెరిపేసి ఇవ్వనా అని అడిగినట్టు. డిస్క్‌లో ఏ లోపమూ లేకుండానే డేటా పోగొట్టుకునే దారి ఇది.

డబ్బా విప్పి, లోపలి డిస్క్‌ని నేరుగా సాటా కేబుల్‌కి (కంప్యూటర్ లోపలి డిస్కులను కలిపే కేబుల్) తగిలించమనే సలహా కూడా వినే ఉంటారు. ఒక్కోసారి పనిచేస్తుంది. కానీ కొన్ని డబ్బాల బోర్డులు డిస్క్‌లోని 512 బైట్ల సెక్టార్లను (డేటా రాసే చిన్న గళ్లను) కంప్యూటర్‌కి 4096 బైట్ల సెక్టార్లుగా చూపిస్తాయి. పార్టిషన్ టేబుల్‌లో ఉండేది సెక్టార్ నంబర్లే కాబట్టి, బోర్డు తీసేయగానే కంప్యూటర్ డిస్క్ మొదటి నుంచి అసలు దూరంలో ఎనిమిదో వంతు దగ్గరే వెతికి, ఏమీ లేదని తేల్చేస్తుంది. డేటా ఎక్కడికీ పోలేదు, లెక్క మారిందంతే. ఇంకొన్ని మోడళ్లలో మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా బోర్డు డేటాని ఎన్‌క్రిప్ట్ చేసే (రహస్య సంకేతాలుగా మార్చే) రాస్తుంది, అది లేకుండా చదివితే అంతా చెత్తే. కొన్నిటిలో సాటా సాకెట్టే ఉండదు, యూఎస్‌బీ సాకెట్‌ని డిస్క్ బోర్డు మీదే అతికించేస్తారు.

డిస్క్ వచ్చీరానట్టు ఉంటే వెంటనే చెక్‌డిస్క్ (విండోస్‌లోని డిస్క్ రిపేర్ టూల్) నడపొద్దు. అది ఫైల్ సిస్టమ్‌ని సరిచేయడానికి ఉంది, మీ ఫోటోలు కాపాడటానికి కాదు. ముందు స్మార్ట్ రిపోర్టులో (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలో) 5, 197 నంబర్ల వరుసలు చూడండి. మొదటిది పాడవడంతో వేరే చోటికి మార్చేసిన సెక్టార్లు, రెండోది చదవడానికి మొరాయిస్తున్నవి. రెండోది పెరుగుతూ ఉంటే రిపేర్ సంగతి వదిలేసి కాపీ మొదలెట్టండి. జీఎన్‌యూ డీడీ రెస్క్యూ లాంటి టూల్ తేలిగ్గా చదవగలిగిన భాగాలను ముందు లాగేసి, మొండి చోట్ల దగ్గరికి తర్వాత వస్తుంది.

టక్ టక్ అని ఒకే లయలో చప్పుడు వస్తే మాత్రం వెంటనే తీసేయండి. పళ్లానికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ డేటా చదివే హెడ్ తన దారి గుర్తులు దొరక్క వెనక్కి వెళ్లి మళ్లీ వస్తోందన్నమాట, ప్రతి ప్రయత్నానికీ గీతలు పడే ప్రమాదం ఉంది. ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా వద్దే వద్దు, బయటకి తీయగానే తేమ పడుతుంది. అదే మోడల్ ఇంకో డిస్క్ బోర్డు తెచ్చి మార్చినా సాధారణంగా కుదరదు, ఎందుకంటే ఆ డిస్క్ హెడ్లకి తగ్గట్టు ఫ్యాక్టరీలో సరిచేసిన విలువలు పాత బోర్డు మీది చిన్న మెమరీ చిప్‌లో ఉంటాయి, దాన్ని ఊడదీసి కొత్త బోర్డుకి అతికించాలి. అది డేటా రికవరీ ల్యాబ్ వాళ్లు చేయాల్సిన పని.