పోయిన స్వరకర్త పాటకు పర్మిషన్ ఎందుకు? అపోహలు - వాస్తవాలు

ఇంగ్లండ్‌లో క్లాసికల్ సంగీతం రికార్డింగులు చేయించడం నా పని. స్టూడియోల్లో కన్నా పాత చర్చిల్లోనే ఎక్కువ రోజులు గడుస్తాయి. ఒక గొంతు, ఒక పియానో, నాలుగు తీగవాద్యాలు, అంతే. చనిపోయిన ఒక బ్రిటిష్ స్వరకర్తకు నివాళిగా ఇలాంటి ఆల్బమ్ చేద్దామని తరచూ ఎవరో ఒకరు వస్తుంటారు. వచ్చిన ప్రతిసారీ ఒకే మాట: "ఆయన పోయి ఎన్నాళ్లో అయింది కదండీ, ఇంకా పర్మిషన్ దేనికి?"

మనిషి పోయినా హక్కు పోదు. అందుకు. బ్రిటన్‌లో స్వరకర్త చనిపోయిన ఏడాది చివరి నుంచి 70 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. ఇంగ్లిష్ స్వరకర్త జెరాల్డ్ ఫింజీ 1956 సెప్టెంబర్ 27న, 55 ఏళ్లకే పోయారు. ఆయన బతికుండగా వెలువడిన సంగీతం అక్కడ అందరిదీ అయ్యేది 2027 జనవరి 1న. మరో స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ 1976లో పోయారు, ఆయన విషయంలో 2046 చివరి దాకా ఆగాలి. హోల్స్ట్, ఎల్గర్ ఇద్దరూ 1934లోనే పోయారు కాబట్టి అక్కడ ఈ పేచీ లేదు.

"మన దేశంలో 60 ఏళ్లే కదా, ఫింజీకి 2016తోనే అయిపోయింది కదా" అని హైదరాబాద్ నుంచి ఒకబ్బాయి అడిగాడు. ఇండియా వరకు నిజమే. కానీ ఆల్బమ్ ఎక్కడ అమ్మితే అక్కడి చట్టం చూడాలి. అమెరికాలో లెక్కే వేరు. ఆ కాలపు రచనలకు అక్కడ అచ్చయిన ఏడాది నుంచి 95 ఏళ్లు. 1942లో అచ్చయిన ఫింజీ షేక్‌స్పియర్ పాటలు అక్కడ 2037 చివరి దాకా కాపీరైట్‌లోనే ఉంటాయి.

పాటకు స్వరం ఒక్కటే కాదు, సాహిత్యం కూడా ఉంది. దీన్ని చాలామంది మర్చిపోతారు. ఫింజీ పోయాక సంపుటిగా వచ్చిన 'ఓ ఫెయిర్ టు సీ'లో ఏడు పాటలున్నాయి. వాటిలో కవి థామస్ హార్డీ కవిత ఉంది, ఆయన 1928లో పోయారు, ఇబ్బంది లేదు. కానీ రెండు పాటలు ఎడ్మండ్ బ్లండెన్ కవితలు. ఆయన 1974 దాకా బతికారు. అంటే ఆ మాటల మీద హక్కు 2044 చివరి దాకా ఉంటుంది. ఒకే సంపుటిలో ఒక్కో పాటకు ఒక్కో తేదీ! అందుకే ట్రాక్ లిస్ట్ పక్కన నేను రెండు గడులు గీస్తాను: స్వరం ఎవరిది, మాట ఎవరిది.

"వాళ్ల కుటుంబం సంతోషంగా ఒప్పుకుంది" అంటారు. సంతోషమే. కానీ హక్కులు పబ్లిషర్ చేతిలో ఉంటే కుటుంబం దీవెన లైసెన్స్ కాదు. నివాళి అనో, లాభం కోసం కాదనో మినహాయింపు కూడా లేదు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఎక్కడ జరుగుతుందో చెప్తాను. కొన్నేళ్ల కిందట ఒక బృందం, తీగవాద్య ఆర్కెస్ట్రాకు రాసిన పాటలను నలుగురు వాద్యకారులకు కుదించి పాడించింది. లైసెన్స్ ఉందన్నారు, ఉంది కూడా. అయితే అది ఉన్నదున్నట్టు రికార్డు చేయడానికి. వాద్యాలు మార్చి రాయడానికి పబ్లిషర్ అనుమతి వేరే తీసుకోవాలి. నేనూ ముందే అడగలేదు. మూడు రోజుల సెషన్, చర్చి అద్దె, వాద్యకారుల పారితోషికం అయిపోయాక అనుమతి రాలేదు. ఆ ట్రాకులన్నీ పక్కన పెట్టేశాం. ఆ గాయని అప్పు చేసి పెట్టుకున్న ఆల్బమ్ అది. ఆవిడ ఫోన్‌లో ఏమీ అనకుండా ఉండిపోవడం నాకు ఇప్పటికీ గుర్తే. అప్పటి నుంచి సెషన్ బుక్ చేయకముందే అడుగుతున్నాను: ఎవరి వెర్షన్ పాడుతున్నారు?

ఇదివరకు ఎవరూ రికార్డు చేయని రచన అయితే ఇంకా జాగ్రత్త. బ్రిటన్‌లో మొదటి రికార్డింగుకు హక్కుదారు నేరుగా ఒప్పుకోవాలి, కాదనే అధికారం వాళ్లకుంది. తర్వాతి రికార్డింగులకు హక్కుదారుల తరఫున అనుమతులిచ్చే ఎంసీపీఎస్ సంస్థ లైసెన్స్ మామూలుగా వచ్చేస్తుంది. డబ్బు గురించి టెన్షన్ పడేవాళ్లకు నిజంగా చెప్తున్నాను, అది కొండంత ఖర్చేం కాదు. సీడీకైతే డీలర్ ధర (దుకాణాలకు అమ్మే ధర) మీద 8.5 శాతం లెక్క. కాకపోతే ముందే కట్టాలి. లైసెన్స్ లేకపోతే ప్రెస్సింగ్ ప్లాంట్ డిస్కులు ముట్టుకోదు, విడుదల కచేరీ రోజున బల్ల మీద ఒక్క సీడీ ఉండదు.

ఆ డబ్బు ఎటు పోతుందో కూడా తెలియాలి. స్వరకర్త వాన్ విలియమ్స్ తన రాయల్టీలతో 1956లో పెట్టిన ట్రస్ట్ ఎందరో కొత్త స్వరకర్తలకు, రికార్డింగులకు డబ్బిచ్చింది. అందుకే రాయల్టీ ఎగ్గొట్టి నివాళి అంటే నాకు కోపం వస్తుంది.

మిగతావి గబగబా. ఎడిటింగ్ మోసం కాదు. మంచి ఆల్బమ్‌లో వందల అతుకులుంటాయి, వినేవాళ్లకు తెలియకపోవడమే మా పనితనం. చర్చిలో పాడితే చాలు, మైకులు ఎలా పెట్టినా మోగుతుందనేది అబద్ధం. వీడియోకు అనుమతి వేరే, ఆడియో లైసెన్స్ సరిపోదు. అచ్చయిన స్వరలిపిని జిరాక్స్ తీసి వాయించకండి.

పోయిన వారం ఒకమ్మాయి ఫోన్ చేసింది. తొలి ఆల్బమ్, అన్నీ ఫింజీ పాటలే, గొంతులో ఒకటే వణుకు. భయపడకమ్మా అన్నాను. చర్చికి అడ్వాన్స్ ఇంకా కట్టలేదట. ముందు ట్రాక్ లిస్ట్ పంపు, ఆ రెండు గడులూ నింపుదాం అన్నాను.