పాత కార్లు, జపాన్ బుల్లి ట్రక్కులు: అపోహలు - వాస్తవాలు

టెక్సస్‌లో పాత బండ్ల షెడ్డు నడుపుతున్నాను. నా దగ్గరికి వచ్చేవి రెండు రకాలు: ఏళ్ల తరబడి చెట్టు కిందో కొట్టంలోనో పడి ఉన్న కార్లు, జపాన్ నుంచి ఓడలో దిగిన కెయి ట్రక్కులు, అంటే అక్కడి చట్టం పెట్టిన చిన్న కొలతల్లో తయారైన బుల్లి ట్రక్కులు. ఈ రెండో రకం గురించి మనవాళ్లు ఈమధ్య బాగా అడుగుతున్నారు. వాటిలో ఒకటైన సుజుకి క్యారీని చూస్తే చిన్నప్పటి మారుతి వ్యాన్ గుర్తొస్తుంది మరి, 1984లో మన దగ్గర వచ్చిన ఆ వ్యాన్ క్యారీ నుంచి పుట్టిందే. కానీ కొనేవాళ్లు చూసేది పెయింటు, ఇంజన్ చప్పుడు. నేను ముందు బండి కింద దూరుతాను, తర్వాత కాగితాలు అడుగుతాను, ఇంజన్ సంగతి ఆఖర్న.

అపోహ: కొత్త బ్యాటరీ వేసి సెల్ఫ్ కొడితే చాలు, స్టార్ట్ అయిపోతుంది.

దయచేసి ఈ పని చేయకండి. ఏళ్లు నిలబడిన ఇంజన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు పట్టేసి ఉండొచ్చు, బలవంతంగా తిప్పితే విరుగుతాయి. ముందు స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి, రాత్రంతా నాననిచ్చి, మర్నాడు క్రాంక్ బోల్టుకు రెంచ్ వేసి చేత్తో మెల్లగా తిప్పాలి. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజన్ అయితే దాన్ని మార్చకుండా స్టార్ట్ చేయొద్దు, ఎండిపోయిన బెల్ట్ తెగితే చాలా ఇంజన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొట్టుకుంటాయి. ట్యాంకులో పాత పెట్రోలు మొత్తం తీసేయాలి, అది జిగురుగా మారి కార్బురేటర్ జెట్లను మూసేస్తుంది, ఇథనాల్ కలిసినదైతే తేమను లాగి ట్యాంకును లోపల తినేస్తుంది.

ఇంజన్ పలికింది కదా అని రోడ్డెక్కడం ఇంకా ప్రమాదం. బ్రేక్ ఆయిల్ కూడా తేమను పీల్చుకుంటుంది, వీల్ సిలిండర్లు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, రబ్బరు గొట్టాలు లోపల ఉబ్బి పెడల్ వదిలినా చక్రం వదలదు. టైర్లలో గాడి లోతుగా ఉన్నా నమ్మకండి, పక్కన నాలుగంకెలు చూడండి: 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని.

అపోహ: మీటర్‌లో తక్కువ తిరిగింది, కాబట్టి మంచి బండి.

తిరగని బండికి సీళ్లు ఎండుతాయి, వైర్లు ఎలుకలు కొరుకుతాయి. క్రమం తప్పకుండా నడిచి, సర్వీసు రశీదులు ఉన్న బండినే నేను ఎంచుకుంటాను.

అపోహ: జపాన్ బండికి తుప్పు ఉండదు.

జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైడో వైపు చలికాలమంతా మంచు, రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే రసాయనాలు. అక్కడ తిరిగిన ట్రక్కుల అడుగు భాగం చూస్తే గుండె తరుక్కుపోతుంది. వేలం పాట షీటు, అంటే జపాన్‌లో వేలానికి ముందు బండిని పరీక్షించి రాసే కాగితం, తప్పకుండా అడగండి. అందులో బండి బొమ్మ మీద ఎస్ అంటే తుప్పు, సి అంటే తుప్పు తినేసిన చోటు, డబ్ల్యూ అంటే సరిచేసిన రేకు, గ్రేడు దగ్గర ఆర్ అని ఉంటే యాక్సిడెంట్ అయి బాగుచేసిన బండి. షీటు లేదంటే, అడుగున మాత్రం నిగనిగలాడే కొత్త నల్ల రంగు ఉంటే, నేనైతే వదిలేస్తాను.

అపోహ: జపాన్ బండికి 25 ఏళ్లు నిండితే ఇంకే అడ్డూ లేదు.

ఆ 25 ఏళ్లు అమెరికాలోకి రానివ్వడానికి కేంద్రం పెట్టిన నిబంధన, అదీ తయారైన నెల నుంచి లెక్క. నంబరు ప్లేటు ఇచ్చేది రాష్ట్రం. మా టెక్సస్ 2024లో గానీ కెయి బండ్లకు దారి ఇవ్వలేదు. జపాన్ ఎగుమతి పత్రం, దాని అనువాదం, కస్టమ్స్ కాగితాలు మూడూ చేతిలో పడ్డాకే డబ్బివ్వండి. పొలంలో పడున్న పాత కారుకూ ఇదే మాట, దానికి ఎవరో ఒక యజమాని ఉంటారు, టైటిల్ (యాజమాన్య పత్రం) లేకుండా స్థలం ఓనర్ అమ్మినంత మాత్రాన అది మీది అయిపోదు.

అపోహ: స్పేర్ పార్ట్స్ దొరకవు.

సగం నిజం. నిస్సాన్ ఫిగరో చూడ్డానికి 1950ల నాటి కారులా ఉంటుంది గానీ 1991లో 20,000 తయారైంది, అడుగున ఉన్నది అప్పటి నిస్సాన్ మార్చ్ కారే, కాబట్టి ఇంజన్ సామాన్లకు తిప్పలు పడక్కర్లేదు. కష్టమంతా దానికే ప్రత్యేకమైన క్రోమ్ ముక్కలకు, మడతపెట్టే టాప్‌కు. ఫొటోలో అవి లేవంటే ధర తగ్గించమని గట్టిగా అడగండి.

అపోహ: కెయి ట్రక్కును ఫ్రీవే మీద రోజూ ఆఫీసుకు తీసుకెళ్లొచ్చు.

కెయి బండి 660 సీసీ, 3.4 మీటర్ల పొడవు మించకూడదని జపాన్ చట్టం. సీటు ఉండేది ముందు చక్రాల మీదే, మోకాళ్లకు ముందు ఉండేది రేకు, కాస్త ప్లాస్టిక్. చుట్టూ భారీ పికప్పులు 75 మైళ్ల వేగంతో పోతుంటే ఇది ఇంజన్ అంతా అరిచి 65 కొడుతుంది. ఊళ్లో, పొలంలో, గోడౌన్ పనులకు దీన్ని మించింది లేదు. పిల్లల్ని ఎక్కించుకుని ఫ్రీవే మీదికి అంటే మాత్రం నేను అమ్మను.