తెల్ల సాసులో పచ్చ బఠాణీ

మొదటిసారి నేను వండిన వైట్ సాసు పాస్తాను మా చెల్లెలి కూతురు తినలేదు, లెక్కపెట్టింది. "పెద్దమ్మా, ఇందులో తెల్ల ఉండలు పదకొండు ఉన్నాయి" అంది. నాలుగేళ్ల పిల్లకు పదకొండు దాకా తప్పు లేకుండా లెక్క వచ్చినందుకు సంతోషించి ఊరుకున్నాను. తప్పు నాదే. పాలు మరుగుతుంటే పైనుంచి పొడి మైదా చల్లేశాను. ఉప్మా చేసేటప్పుడు రవ్వను నేతిలో వేయించాకే ఎసరు జోలికి వెళ్లే మనిషిని, పాస్తా అనగానే ఆ తెలివి ఎక్కడో పారేసుకున్నాను.

మైదాలో దాదాపు 70 శాతం పిండిపదార్థం. అది కంటికి కనిపించనంత చిన్న గింజల రూపంలో ఉంటుంది. పెద్ద గింజ అడ్డకొలత 20 నుంచి 35 మైక్రాన్లు, చిన్నవి 10 మైక్రాన్లకు లోపు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. చల్లటి పాలలో పడితే ఈ గింజలు కాస్త తడిసి ఊరుకుంటాయి. వేడి 60 డిగ్రీలు చేరేసరికి వాటి లోపలి అమరిక సడలి, నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. ఉబ్బిన గింజల నుంచి కొంత పిండిపదార్థం పొడవాటి దారాల్లా బయటికి జారి పాలలో కలుస్తుంది. సాసు చిక్కబడటం అంటే ఇదే. పొడి పిండిని ఒక్కసారిగా మరిగే పాలలో వేస్తే ముద్ద పైపొరలోని గింజలు ఆ క్షణానే ఉబ్బి జిగురుగోడ కట్టేస్తాయి. లోపలి పిండికి ఇక తడి అందదు. ఆ తరువాత గరిటె ఎంత తిప్పినా, అది పిండిలోకి కాదు, గోడ చుట్టూ తిరుగుతుంది.

పావు లీటరు పాలకు ఒకటిన్నర టేబుల్ స్పూన్ల వెన్న, అంతే మైదా సరిపోతాయి. వెన్న కరిగాక మైదా వేసి, రంగు మారకుండా సన్న సెగ మీద రెండు నిమిషాలు కలిపితే పచ్చివాసన పోతుంది. అంతకంటే ముఖ్యంగా ప్రతి గింజకూ కొవ్వు పూత పడి, దేనికది విడివిడిగా నిలుస్తుంది. అప్పుడు పాలను కొద్దికొద్దిగా పోస్తూ తిప్పితే అన్నీ ఒకే తీరుగా ఉబ్బుతాయి. ఈ సాసుకు ఫ్రెంచివారు పెట్టిన పేరు బెషమెల్. 17వ శతాబ్దంలో పద్నాలుగో లూయీ కొలువులో పనిచేసిన లూయీ ద బెషమెయ్ పేరు మీద వచ్చింది. ఆయన వంటవాడు కాదు, రాజుగారి ఇంటి వ్యవహారాలు చూసే అధికారి. పేరు మాత్రం గిన్నెకు అంటుకుపోయింది.

రెండోసారి ఉండలు కట్టలేదు, విరిగింది. రంగు కోసం టమాటా గుజ్జు వేశాను. పాలలో కేసీన్ అనే ప్రోటీను సన్నటి ఉండలుగా తేలుతూ ఉంటుంది. ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకునే విద్యుదావేశం వాటి మీద ఉంటుంది. పులుపు తగిలితే ఆ ఆవేశం తగ్గి, అన్నీ గుమిగూడి విరుగుడు వేరవుతుంది. వేడి ఉంటే పని ఇంకా త్వరగా అయిపోతుంది. నేను పాలు సరిగా చిక్కబడకముందే తొందరపడ్డాను. గింజలు బాగా ఉబ్బి సాసు చిక్కబడి ఉంటే, వాటి మధ్య చిక్కుకున్న ప్రోటీన్లు అంత సులభంగా ఒకచోట చేరలేవు. మజ్జిగ పులుసులో శనగపిండి ఎందుకు కలుపుతారో నాకు ఆరోజు అర్థమైంది. శనగపిండి లేకుండా మజ్జిగను మరిగించి చూడండి, నీళ్లు ఒకవైపు, పలుకులు ఒకవైపు. బెషమెల్ పేరు విననివాళ్లు కూడా ఈ సూత్రాన్ని రోజూ పోపు పెట్టి వడ్డిస్తున్నారు.

ఇక పాస్తా. అది డ్యూరం అనే గట్టి గోధుమ రవ్వతో చేసేది. ఇటలీలో ఎండు పాస్తాను దానితోనే చేయాలని 1967లో చట్టమే వచ్చింది. ఆ గోధుమలోని గ్లూటెన్ అనే సాగే ప్రోటీను వలలా అల్లుకుని పిండిగింజలను పట్టి ఉంచుతుంది కాబట్టి ఉడికినా ముద్ద కాదు. తడి ముద్దను మన జంతికల గొట్టంలోలాగే అచ్చులోంచి వత్తుతారు. కంచు అచ్చు అయితే పైభాగం గరుకుగా వచ్చి సాసును బాగా పట్టుకుంటుంది. ఉడికే నీళ్లలో నూనె వేయమని చెప్పేవాళ్లను నమ్మకండి. నూనె పైకి తేలుతుంది, వార్చేటప్పుడు పాస్తాకు అంటి సాసును జారిస్తుంది. వార్చిన నీళ్లను మాత్రం పారబోయవద్దు, అది గంజే. సాసు మరీ గట్టిపడితే ఒక గరిటెడు పోయండి. చల్లారేకొద్దీ సాసు ఇంకా బిగుస్తుంది కాబట్టి కాస్త పలుచగా ఉన్నప్పుడే దించాలి. ఇటలీలో పసివాళ్ల కోసం నక్షత్రాల ఆకారంలో చిట్టి పాస్తా కూడా చేస్తారు, దాన్ని స్తెల్లీనె అంటారు.

ఇంత చేసినా అసలు చిక్కు సాసులో లేదు, పిల్లల నాలుకలో ఉంది.

1931లో అమెరికాలోని డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ ప్రయోగశాలలో ఆర్థర్ ఫాక్స్ అనే శాస్త్రవేత్త ఒక రసాయనాన్ని సీసాలో పోస్తుంటే పొడి గాలిలోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి చేదు చేదు అన్నాడు. ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. ఒకే పొడి ఒకరికి చేదు, మరొకరికి చప్పన. ఈ తేడాకు ప్రధాన కారణమైన జన్యువును 2003లో గుర్తించారు. నాలుక మీద ఆ చేదును పసిగట్టే గ్రాహకాన్ని తయారుచేసేది అదే. ఆ జన్యువుకు చేదు బాగా పట్టే రూపం ఒకటి, అంతగా పట్టనిది ఒకటి ఉన్నాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలీలలోని కొన్ని పదార్థాలు కూడా ఇదే గ్రాహకాన్ని తాకుతాయి. 2005లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రుచి, వాసనల మీద పనిచేసే మోనెల్ సంస్థ పరిశోధకులు ఇంకో సంగతి చూపించారు. ఈ రెండు రూపాలూ ఒక్కొక్కటి చొప్పున ఉన్నవారిలో పెద్దల కంటే పిల్లలు చేదును ఎక్కువగా పసిగడతారు. అంటే మీ బిడ్డ బ్రకోలీ చూసి ముఖం చిట్లిస్తే అది పూర్తిగా మొండితనం కాదు. మీరు తింటున్న ముక్కా, ఆ పిల్ల తింటున్న ముక్కా రుచిలో ఒకటి కాకపోవచ్చు.

తెల్ల సాసు ఉపయోగపడేది ఇక్కడే. కొవ్వులో కరిగే చేదు పదార్థాలు కొన్ని వెన్నలో చిక్కుకుని నాలుకకు తక్కువగా చేరతాయి. పాల తీపి, చిటికెడు ఉప్పు కూడా చేదును అణచివేస్తాయి. (ఏడాది నిండని బిడ్డకైతే ఉప్పు వేయకండి.) క్యారెట్‌కు రంగునిచ్చి, ఒంట్లో విటమిన్ ఎగా మారే బీటా కెరోటిన్‌ను ఒంటికి పట్టించేదీ కొవ్వే. ఉడికించినప్పుడు కణాల గోడలు మెత్తబడి అది తేలిగ్గా బయటికి వస్తుంది. కాలీఫ్లవర్‌ను మాత్రం ఎక్కువసేపు ఉడకనివ్వకూడదు, ఉడికేకొద్దీ గంధకపు ఘాటు పెరుగుతుంది. బఠాణీ, బ్రకోలీ ఉడికేటప్పుడు మూత తీసి ఉంచితే వాటి పులుపు ఆవిరితో కొంత పోతుంది. లేకపోతే ఆ పులుపు పత్రహరితంలోని మెగ్నీషియాన్ని ఊడగొట్టి పచ్చదనాన్ని మురికి రంగు చేస్తుంది. ఆకుకూర గిన్నెకు మూత పెట్టవద్దని మా అమ్మమ్మ అనేది, మెగ్నీషియం ఊసు ఎత్తకుండానే.

చాలామంది కూరగాయలను మిక్సీలో వేసి సాసులో దాచేస్తారు. తొందర రోజుల్లో నేనూ చేస్తాను. కానీ దాచిన క్యారెట్‌తో పిల్లకు స్నేహం కుదరదు. మోనెల్‌లోనే 2001లో ఒక ప్రయోగం చేశారు. కడుపుతో ఉన్నప్పుడో, పాలిచ్చే రోజుల్లోనో క్యారెట్ రసం తాగిన తల్లుల బిడ్డలు, తరువాత క్యారెట్ కలిపిన గంజిని చూసి ముఖం చిట్లించడం తక్కువగా కనిపించింది. పరిచయానికి అంత బలం ఉంది. కొత్త తిండి అంటే బెదురు రెండు నుంచి ఆరేళ్ల మధ్య బాగా ఎక్కువ. అదే కూరను ఎనిమిది, పది, ఒక్కోసారి పదిహేనుసార్లు చూపించి, బలవంతం చేయకుండా కొంచెం రుచి చూపిస్తే గానీ ఆ బెదురు తగ్గదు. అందుకే నేను బఠాణీలను బఠాణీలుగానే వేస్తాను. మరీ చిన్నపిల్లలు ఉంటే గొంతుకు అడ్డం పడకుండా వాటిని చిదుముతాను. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడతాను.

మా పిల్ల ఇప్పటికి ఆరుసార్లు తింది. ఆరుసార్లూ బఠాణీలను ఏరి కంచం అంచున వరుసగా పేర్చింది. ఆరోసారి నేను పన్నెండు వేశాను. వరుసలో పదకొండే ఉన్నాయి. కుర్చీ కింద వెతికాను, అక్కడా లేదు.